కొత్త సంఘానికి తొలి డాలరు: అమెరికా పీజీ విద్యార్థులు, విద్యార్థి ప్రభుత్వ నిధులు

అమెరికా విశ్వవిద్యాలయాల సెమిస్టరు బిల్లులో ట్యూషన్ ఫీజు కింద చిన్న చిన్న పద్దులు వరసగా ఉంటాయి. ఆరోగ్య కేంద్రానికి కొంత, వ్యాయామశాలకు కొంత, బస్సుకు కొంత, వాటి నడుమ ఎక్కడో విద్యార్థి కార్యకలాపాల రుసుము. ట్యూషన్ మాఫీ దొరికిన పరిశోధక విద్యార్థికి కూడా చాలాచోట్ల ఈ రుసుము మాఫీ కాదు. మిగతా పద్దులకూ దీనికీ ఒక తేడా ఉంది. వాటిని ఖర్చుపెట్టేది విశ్వవిద్యాలయ కార్యాలయాలు. దీన్ని, కనీసం ఇందులో కొంత భాగాన్ని, ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చేది విద్యార్థులు ఎన్నుకున్న విద్యార్థులే. ఆ ఎన్నికైన సభను అక్కడ స్టూడెంట్ గవర్నమెంట్ అంటారు. తెలుగునాట విద్యార్థి సంఘం అనగానే పార్టీ అనుబంధం, ధర్నా, బంద్ గుర్తుకొస్తాయి. అమెరికా విద్యార్థి ప్రభుత్వానికీ ఉద్యమాలున్నాయి కానీ, ఏడాది పొడవునా దాని అసలు పని బడ్జెట్టు.

అక్కడి వాడుకలో గ్రాడ్యుయేట్ స్టూడెంట్ అంటే డిగ్రీ పూర్తయ్యాక ఎం.ఎస్., పీహెచ్‌డీ లాంటివి చదువుతున్నవారు. లా, మెడిసిన్, ఎంబీఏ చదివేవారిని ప్రొఫెషనల్ విద్యార్థులంటారు. ఈ రెండు వర్గాలనూ కలిపి ఇక్కడ పీజీ విద్యార్థులు అనుకోవచ్చు. విద్యార్థి ప్రభుత్వం మొదట రూపుదిద్దుకున్నది వీరిని చూసి కాదు. హాస్టల్లో ఉంటూ, నాలుగేళ్లు ఒకే ప్రాంగణంలో గడిపే డిగ్రీ కుర్రకారు కోసం కచేరీలు, నాటకాలు, ఆటల పోటీల చుట్టూ అల్లుకున్న ఏర్పాటది. పీజీ విద్యార్థి సంగతి వేరు. ఊళ్లో అద్దె ఇంట్లో ఉంటాడు, పగలు ల్యాబ్‌లోనో, పాఠం చెప్పే గదిలోనో ఉంటాడు. కొందరికి భార్యాభర్తల సంసారం, చంటిపిల్లలు. తన శాఖ దాటితే ప్రాంగణంలో ఒక్కరి పేరూ తెలియకుండా అయిదేళ్లు గడిపేసే రసాయనశాస్త్ర విద్యార్థి వింత మనిషేమీ కాదు.

ఈ ఒంటరితనానికి మూల్యం ఉంది. అమెరికాలోని కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ 2008లో వెలువరించిన లెక్కల ప్రకారం, పీహెచ్‌డీలో చేరినవారిలో పదేళ్ల తరువాత కూడా పట్టా చేతికొచ్చింది దాదాపు 57 శాతం మందికే. 2018లో నేచర్ బయోటెక్నాలజీ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 26 దేశాల్లో 2,279 మందిని, అత్యధికులు పీహెచ్‌డీ విద్యార్థులు, ప్రశ్నించి, కుంగుబాటు, ఆందోళన వారిలో సాధారణ జనాభా కన్నా ఆరు రెట్లు ఎక్కువని చెప్పింది. సర్వేకు తమంతట తాము ముందుకొచ్చి జవాబిచ్చినవారి మాటలు కనుక ఆ ఆరును అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. సమస్య ఉందని ఒప్పుకోవడానికి మాత్రం చాలు. అందుకే పీజీ విద్యార్థులు పుట్టించే కార్యక్రమాలు డిగ్రీ విద్యార్థుల వాటిని పోలవు. సిద్ధాంత వ్యాసం ముందుకు సాగనివారిని వారాంతం ఒక గదిలో కూర్చోబెట్టి రాయించే శిబిరం, శాఖల గోడలు దాటి నడిచే పఠన బృందం, పిల్లలున్న విద్యార్థుల ఆదివారపు కలయిక, విదేశీ విద్యార్థికి ఆదాయపు పన్ను ఫారాలు నింపడం నేర్పే సాయంత్రం. పరిశోధనను మూడు నిమిషాల్లో సామాన్యుడికి చెప్పే త్రీ మినిట్ థీసిస్ పోటీ 2008లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మొదలై అమెరికా ప్రాంగణాలకూ పాకింది. వీటిలో దేనికీ భారీ ఖర్చు లేదు. గది, ప్రొజెక్టరు, భోజనం, ఎప్పుడైనా బయటినుంచి వచ్చే వక్తకు దారిఖర్చు, అంతే. కావలసింది కొద్ది సొమ్మే అయినా, అడిగిన ఏడాదే దొరకాలి.

పీజీ విద్యార్థి కట్టిన రుసుము ఏ పెట్టెలో పడుతుందన్నది ఇక్కడ మొదటి ప్రశ్న. కొన్ని విశ్వవిద్యాలయాల్లో అందరికీ ఒకటే సభ, ఒకటే నిధి. అక్కడ ఓట్ల లెక్కలో పీజీలు మైనారిటీ. బడ్జెట్టు చర్చలు నడిచే వేళకు వారు ల్యాబ్‌లో ఉంటారు. అందువల్ల చాలా పెద్ద విశ్వవిద్యాలయాల్లో వేరు కాపురం పెట్టారు. కోర్నెల్‌లో గ్రాడ్యుయేట్, ప్రొఫెషనల్ విద్యార్థులకు సొంత అసెంబ్లీ, దానికింద సొంత ఫైనాన్స్ కమిషన్ ఉన్నాయి. రుసుము ఎంతో, అందులో పెద్ద సంస్థలకు ఎంతెంతో ఆ అసెంబ్లీ రెండేళ్లకోసారి తేలుస్తుంది. స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థి ప్రభుత్వం ఒక్కటే అయినా అందులో డిగ్రీ విద్యార్థులకు సెనేట్, పీజీలకు గ్రాడ్యుయేట్ స్టూడెంట్ కౌన్సిల్ విడివిడిగా పనిచేస్తాయి. వేరు పడితే సమస్య తీరిపోతుందనుకోవడం తొందరపాటు. వేరుపడిన సభలోనూ లా, బిజినెస్ స్కూళ్ల విద్యార్థులు తమ సొంత సంఘాలతో బలంగా ఉంటారు. చరిత్ర శాఖలో ఉన్న నలభై మంది గొంతు అక్కడా చిన్నదే.

డబ్బు చేతికి రావడానికి ముందు సంఘం ఉందని విశ్వవిద్యాలయం ఒప్పుకోవాలి. దానికో నియమావళి, ఇంతమంది సభ్యులు, పేరు పెట్టుకున్న కోశాధికారి, కొన్నిచోట్ల ఒక అధ్యాపక సలహాదారు కావాలి. ఆపైన దరఖాస్తు: ఏ తేదీన ఏం చేస్తారు, ఎందరు వస్తారు, హాలు అద్దె ఎంత, భోజనానికి ఎంత, కొటేషన్లు ఎక్కడ. ఫైనాన్స్ కమిటీ ముందు హాజరై పది నిమిషాల్లో సమర్థించుకోవాలి. మంజూరైనా చెక్కు చేతికివ్వరు. విశ్వవిద్యాలయం దుకాణదారుకు నేరుగా చెల్లిస్తుంది, లేదా విద్యార్థి ముందు తన కార్డు మీద ఖర్చుపెట్టి రసీదులు ఇచ్చి వారాల తరబడి ఎదురుచూడాలి. నెలనెలా వచ్చే స్టైపెండ్ అద్దెకే చాలని పరిశోధక విద్యార్థికి ఈ రెండో పద్ధతి అప్పు కిందే లెక్క. కొత్త సంఘాలు మూతపడటానికి కారణం అడిగితే ఆసక్తి తగ్గిందని చెబుతారు గాని, చాలాసార్లు కారణం కోశాధికారి క్రెడిట్ కార్డు పరిమితి.

ఈ వడపోతలో ఎంతమంది మిగులుతారో వర్జీనియా విశ్వవిద్యాలయం అంకెలు చూపిస్తాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు వల్ల అవి బయటికొచ్చాయి. అక్కడ ప్రతి పూర్తికాల విద్యార్థీ సెమిస్టరుకు 14 డాలర్లు కట్టేవాడు. 1990-91లో గుర్తింపు ఉన్న సంఘాలు 343, నిధి అడిగినవి 135, దొరికినవి 118. కమిటీ తలుపు కొట్టినవారిలో ప్రతి ఎనిమిదింటిలో ఏడింటికి కాదనకుండా ఇచ్చారన్నమాట. 208 సంఘాలు అసలు తలుపే కొట్టలేదు. కొన్నిటికి అవసరం లేకపోయి ఉండవచ్చు, కొన్నిటికి నియమాల ప్రకారం అర్హత లేదు. అయినా ఎంత ఇచ్చారు, ఎందరిని కాదన్నారు అని నిధుల సమీక్షలు లెక్కపెట్టే తీరులో అడగనివాళ్లు ఎప్పుడూ కనిపించరు. పీజీ విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ కనిపించని గుంపులోనే ఉంటారు.

ఆ కేసు పెట్టింది ఒక కొత్త సంఘం. 1990లో రోనాల్డ్ రోసెన్‌బర్గర్ అనే డిగ్రీ విద్యార్థి, అతని మిత్రులు వైడ్ అవేక్ అనే క్రైస్తవ పత్రిక మొదలుపెట్టి, ముద్రాపకుడికి చెల్లించవలసిన 5,862 డాలర్లు విద్యార్థి నిధి నుంచి ఇమ్మన్నారు. మతపరమైన కార్యకలాపమని నిధి కాదంది. 1995లో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో పత్రిక వైపు మొగ్గింది. ఇతర విద్యార్థి పత్రికలకు అచ్చుకూలి ఇస్తూ, ఒకదానికి దాని దృక్పథం కారణంగా నిరాకరించడం వాక్‌స్వాతంత్ర్యానికి భంగమని జస్టిస్ ఆంథొనీ కెనడీ రాశారు. విశ్వవిద్యాలయం డబ్బును నేరుగా ముద్రాపకుడికి చెల్లిస్తుందే గాని సంఘానికి ఇవ్వదన్న సంగతి కూడా తీర్పులో లెక్కకొచ్చింది. ఏ పద్ధతి పేద కోశాధికారికి ఊరటో, అదే రాజ్యాంగపు తూకంలోనూ అక్కరకొచ్చింది.

ఎదురు ప్రశ్న విస్కాన్సిన్ నుంచి వచ్చింది. అక్కడి మ్యాడిసన్ ప్రాంగణంలో 1995-96లో విద్యార్థి రుసుము ఏడాదికి 331 డాలర్ల 50 సెంట్లు. అందులో సుమారు 80 శాతం ఆరోగ్య సేవలు, భవనాల నిర్వహణ లాంటి స్థిర ఖర్చులకు పోయేది. మిగిలిన అయిదో వంతును 623 గుర్తింపు పొందిన సంఘాల మధ్య పంచే బాధ్యత రాష్ట్ర చట్టం ప్రకారం ప్రధానంగా విద్యార్థులది. స్కాట్ సౌత్‌వర్త్ అనే న్యాయశాస్త్ర విద్యార్థి, మరికొందరు కలిసి, తమకు నచ్చని రాజకీయ, సైద్ధాంతిక సంఘాలకు తమ డబ్బు ఎందుకు పోవాలని కోర్టుకెక్కారు. కింది కోర్టుల్లో గెలిచారు. 2000 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని ఏకగ్రీవంగా తిప్పేసింది. విద్యార్థులకు అనేక అభిప్రాయాలు వినిపించే వేదికను నిలపడానికి విశ్వవిద్యాలయం నిర్బంధ రుసుము వసూలు చేయవచ్చు. అయితే పంపకం అభిప్రాయ తటస్థంగా జరగాలి. తీర్పు అంతటితో ఆగలేదు. మ్యాడిసన్‌లో రిఫరెండం పెట్టి మెజారిటీ ఓటుతో ఒక సంఘానికి డబ్బివ్వడం, లేదా ఉన్న డబ్బు ఊడబెరకడం వీలయ్యేది. ఈ భాగం మీద కోర్టు అనుమానం వ్యక్తం చేసి కేసును కిందికి పంపింది. మైనారిటీ అభిప్రాయానికి మెజారిటీ అంగీకారం షరతు కాకూడదన్నది దాని వాదం. ప్రజాస్వామ్యంలో ఓటు వేసి తేల్చుకోవడమే న్యాయమనుకునేవారికి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. కానీ నలభై మంది ఉన్న శాఖకు ఈ నియమమే రక్ష.

పేరు అంతగా వినబడకపోయినా, కొత్త కార్యక్రమాలకు ఎక్కువ మేలు చేసింది ఆ వివాదపు రెండో అంకం. అదే కేసు మళ్లీ ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు వచ్చినప్పుడు, 2002లో, నిధుల కమిటీ దేన్ని చూసి నిర్ణయిస్తోందని కోర్టు ఒక్కొక్క ప్రమాణాన్నీ పరిశీలించింది. రాతపూర్వక ప్రమాణాలు, బహిరంగ సమావేశాలు, కారణాలు నమోదు చేయడం, అప్పీలు చేసుకునే దారి ఉండటం వంటి రక్షణలను మెచ్చుకుంది. రెండు ప్రమాణాలను మాత్రం తప్పుపట్టింది: సంఘం ఎన్నేళ్లుగా ఉంది, నిరుడు ఎంత తీసుకుంది. తటస్థ నియమం లేని రోజుల్లో జరిగిన పంపకం ఈ రెండు కొలతల ద్వారా నేటి పంపకంలోకి జారుకుంటుందని కోర్టు భావించింది.

బడ్జెట్టు కమిటీల్లో కూర్చున్నవారెవరైనా ఈ రెండు కొలతల ఆకర్షణ ఎరిగినవారే. నిరుటి అంకె మీద మూడు శాతం పెంచితే రాత్రి తొమ్మిదికల్లా ఇంటికి పోవచ్చు. కొత్తదాన్ని విచారించాలంటే అర్ధరాత్రి అవుతుంది. పాత సంఘానికి రికార్డు ఉంది, రసీదులున్నాయి, పోయినసారి ఎందరొచ్చారో అంకె ఉంది. కొత్త సంఘం చేతిలో ఊహ తప్ప ఏమీ లేదు. రికార్డు లేదని తొలి ఏడాది డబ్బు ఇవ్వరు, డబ్బు లేనందువల్ల రికార్డు ఏర్పడదు. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

పీజీ విద్యార్థి కేసుల్లో ఇంకొకటి తలచుకోవాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హేస్టింగ్స్ లా కాలేజీలో 2004-05లో జాతీయ సంస్థతో కలిసిన ఒక క్రైస్తవ న్యాయ విద్యార్థి సంఘం, సభ్యత్వానికి విశ్వాస ప్రకటన తప్పనిసరి చేసింది. ఎవరినైనా చేర్చుకోవాలన్న కాలేజీ నియమానికి అది విరుద్ధమని గుర్తింపు దక్కలేదు, నిధులూ పోయాయి. 2010లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో కాలేజీని సమర్థించింది. రోసెన్‌బర్గర్ పత్రికకు దక్కిన రక్షణ వీరికి దక్కకపోవడం వింతగా తోచినా, తీర్పుల మధ్య గీత స్పష్టమే. సంఘం ఏమంటుందో చూసి డబ్బు ఆపకూడదు. అందరికీ ఒకేలా వర్తించే షరతుకు లోబడమనడం మాత్రం చెల్లుతుంది.

కోర్టులు చెప్పింది ఏం చేయకూడదో. ఏం చేయాలో విద్యార్థి ప్రభుత్వాలు తమంతట తాము కనిపెట్టుకోవాలి, కనిపెట్టాయి కూడా. బడ్జెట్టు మొత్తాన్ని వసంతకాలంలోనే పంచెయ్యకుండా, ఆగస్టులో పుట్టే ఆలోచనల కోసం కొంత నిల్వ ఉంచడం ఒక పద్ధతి. విత్తన నిధి పేరిట చిన్న మొత్తం విడిగా పెట్టి, కొత్తవారు మాత్రమే అడగవచ్చని రాయడం మరొకటి. పాతవారితో పోటీ ఉండదు కనుక రికార్డు అడిగే అవసరం రాదు. ఉదాహరణకు అయిదు వేలమంది పీజీలు తలా ఇరవై డాలర్లు కట్టే చోట నిధి లక్ష డాలర్లవుతుంది. అందులో అయిదు శాతం పక్కన పెట్టినా, అయిదు వందల డాలర్ల చొప్పున పది కొత్త పనులు మొదలవుతాయి. పెద్ద సంఘాలు ఆ కోతను గమనించను కూడా గమనించవు. రెండు మూడు సంఘాలు కలిసి అడిగితే మొగ్గు చూపడం ఇంకో పద్ధతి. ఇది కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో పెద్ద సంఘం పేరు పోస్టరు మీద, చిన్న సంఘం శ్రమ వంటగదిలో.

ప్రయాణ గ్రాంట్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. సదస్సులో పత్రం చదవడానికి వెళ్లే విద్యార్థికి విమానం టికెట్టులో కొంత ఇవ్వడం దాదాపు ప్రతి పీజీ ప్రభుత్వమూ చేస్తుంది. అడిగేవారికి కొదవ ఉండదు, సమర్థించడం తేలిక, ఫలితం బయోడేటాలో ఒక పంక్తిగా కనిపిస్తుంది. అందుకే ఈ పద్దు ఏటా ఉబ్బుతుంది. కానీ అది ఒక మనిషికి ఒక్కసారి ఉపయోగపడే డబ్బు. శాఖలకూ సలహాదారులకూ చెందవలసిన ఖర్చును విద్యార్థులే తమ రుసుముతో మోస్తున్నారనడం అన్యాయం కాదు. భోజనం పద్దు మీద దీనికన్నా ఎక్కువ చర్చ జరుగుతుంది. పిజ్జాలకే డబ్బంతా పోతోందని ప్రతి కమిటీలో ఎవరో ఒకరు గొణుగుతారు. సాయంత్రం ఆరున్నరకు ల్యాబ్ నుంచి నేరుగా వచ్చే మనిషికి అన్నం పెట్టకుండా చర్చా కార్యక్రమం నడిపినవారు ఆ గొణుగుడులో చేరరు.

భారతీయ విద్యార్థులకు ఈ వ్యవహారం పరాయిది కాదు. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602. అందులో పీజీ స్థాయివారు 1,96,567. వీరిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి వెళ్లినవారి వాటా పెద్దదన్నది ఆ ప్రాంగణాల్లో ఉగాది, దీపావళి వేడుకలు చూసినవారికి చెప్పనక్కర్లేదు. ఆ వేడుకల హాలు అద్దె, భోజనం, డీజే ఖర్చు తరచు ఈ రుసుము నుంచే వస్తాయి. కట్టిన రుసుముతో పోలిస్తే అడిగి తీసుకునేది తక్కువే. దానికి కారణం బద్ధకం కన్నా క్యాలెండరు. ఎం.ఎస్. విద్యార్థి ఆగస్టులో దిగుతాడు. ఇల్లు, బ్యాంకు ఖాతా, తొలి పరీక్షలతో డిసెంబరు అయిపోతుంది. వచ్చే ఏటి బడ్జెట్టుకు దరఖాస్తులు చాలాచోట్ల జనవరి నుంచి మార్చి మధ్య అడుగుతారు. అప్పటికి అతనికి విద్యార్థి ప్రభుత్వమంటే ఏమిటో సగమే తెలుసు. సంగతి బోధపడి మరుసటి వసంతంలో దరఖాస్తు పెడితే, మంజూరయ్యే వేళకు ఉద్యోగం వెతుకులాటలోనో, పట్టా పుచ్చుకుని వేరే రాష్ట్రంలోనో ఉంటాడు. పైగా కార్యవర్గంలో జీతమున్న పదవి తీసుకుంటే అది ఎఫ్-1 వీసా అనుమతించే వారానికి 20 గంటల ప్రాంగణ ఉద్యోగంలో భాగమవుతుంది. ల్యాబ్ సహాయకుడిగా ఆ గంటలు అప్పటికే నిండినవారు ఉచితంగానే పనిచేయాలి. ఏడాదికొక్కసారి కాకుండా నెలనెలా చిన్న దరఖాస్తులు తీసుకునే సభలు అంత హంగులేని ఈ ఒక్క మార్పుతోనే రెండేళ్ల విద్యార్థులను లోపలికి రప్పించగలవు.

రుసుమే ఐచ్ఛికమైతే ఏమవుతుందో చెప్పడానికి రెండు దేశాల అనుభవం చాలు. ఆస్ట్రేలియా 2005లో చట్టం చేసి, 2006 జూలై నుంచి నిర్బంధ విద్యార్థి సంఘ రుసుమును రద్దు చేసింది. క్లబ్బులు, సేవలు చాలాచోట్ల చిక్కిపోయాయి. 2012 నుంచి, మొదట ఏడాదికి 263 ఆస్ట్రేలియా డాలర్ల గరిష్ఠ పరిమితితో కొత్త రుసుము తెచ్చారు గాని, ఈసారి డబ్బు విశ్వవిద్యాలయం చేతికి వెళ్లింది. విద్యార్థి సంస్థలు దాన్ని అడిగి తెచ్చుకోవలసి వచ్చింది. అందులో కనీసం 40 శాతం విద్యార్థులు నడిపే సంస్థలకే ఇవ్వాలన్న నియమం 2025 జనవరి దాకా రాలేదు. కెనడాలో ఒంటారియో ప్రభుత్వం 2019లో అత్యవసరం కాని రుసుములను విద్యార్థి వద్దనుకోవచ్చని ప్రకటిస్తే, ఆ ఏడు నవంబరులోనే కోర్టు కొట్టేసింది. 2021లో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. వద్దనే హక్కు వచ్చినప్పుడు ముందుగా ఎండిపోయేది ఇంకా పేరు తెచ్చుకోని సంఘమే. పేరున్నదాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని టిక్కు పెడతారు.

తొలి డాలరు దొరికిన కార్యక్రమానికి అసలు గండం రెండో ఏడాది. రాత శిబిరం మొదలుపెట్టిన విద్యార్థి థీసిస్ సమర్పించి వెళ్లిపోతాడు. బ్యాంకు సంతకం మారదు, ఈమెయిలు పాస్‌వర్డు పోతుంది, గుర్తింపు పునరుద్ధరించే గడువు దాటిపోతుంది, సంఘం మళ్లీ కొత్తదై మొదటి మెట్టు మీద నిలబడుతుంది. కొన్ని సభలు రెండో ఏటి డబ్బుకు ఒక షరతు పెడతాయి: ఎందరొచ్చారన్న లెక్కతో పాటు, కొటేషను ఎవరిచ్చారు, హాలు ఎవరి ద్వారా దొరికింది, ఏది చేసి ఉండాల్సింది కాదు అన్న వివరాలతో రెండు పేజీల కాగితం. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. ఖర్చుకాని డబ్బు ఆ రాత్రితో సాధారణ నిధిలో కలిసిపోతుంది, అందుకే మే నెలలో అక్కర్లేని టీషర్టులు అచ్చవుతుంటాయి. విత్తన నిధిలో మిగిలినది మాత్రం మరుసటి ఏటికి సాగనిస్తే ఆ టీషర్టుల ఖర్చు సెప్టెంబరులో వచ్చే కొత్త విద్యార్థి చేతికి అందుతుంది.